నోటి తడిలో ఒంటి ఉప్పును కనిపెట్టిన డాక్టర్ రామక్క గారు

1961వ సంవత్సరం జూలై నెల మూడవ తేదీన, కోలారు బంగారు గనులు ప్రభుత్వపరమై అయిదేళ్ళు కావస్తున్న రోజుల్లో, డాక్టర్ ఓ. రామక్క గారు మన గనుల ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న శరీరధర్మ ప్రయోగశాలలో సహాయ వైద్యాధికారిణిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆ ప్రయోగశాల అప్పటికి రెండు గదులు, ఒక నీటి తొట్టి, ఒక తూనిక యంత్రం మాత్రమే. ఈ మే ముప్పై ఒకటవ తేదీన వారు అదే ప్రయోగశాలకు అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. లోతు గనుల వేడిలో శరీరం ఎలా నిలదొక్కుకుంటుందో తెలుసుకోవడానికి దేశం నలుమూలల నుంచి వైద్యులు ఇప్పుడు మన దగ్గరికే వస్తున్నారు. ఈ రెండు స్థితుల నడుమ జరిగినదంతా నాకు తెలుసునని చెప్పను. 1964లో నేను ఇక్కడ చేరిన నాటి నుంచి ప్రతి పనిదినమూ వారి పక్క బల్ల దగ్గరే నిలబడినవాడిని గనుక, కొంత చెప్పగలను.

రామక్క గారు కోరమండల్‌లోని గని కార్మికుల లైన్ ఇళ్ళలో పుట్టారు. తండ్రి ఓబలప్ప గారు పుంగనూరు వైపు పల్లె నుంచి వచ్చి, సొరంగాలకు కొయ్య దిమ్మెలు నిలబెట్టే పనిలో చేరారు. ఆ లైన్లలో ఆడపిల్ల పదో తరగతి దాటడమే గొప్ప విషయంగా ఉన్న కాలంలో, రామక్క గారు ఉపకారవేతనంతో బెంగళూరులో వైద్యవిద్య పూర్తిచేసి, శరీరధర్మ శాస్త్రంలో పై చదువు కూడా ముగించారు. పట్టణంలో ఉద్యోగాలు ఉన్నా, వాటిని కాదని, పుట్టిన చోటికే తిరిగివచ్చారు. శ్రీనివాసపురం మామిడి రైతుల కుటుంబానికి చెందిన ఉపాధ్యాయులు శ్రీ సొన్నప్ప గారు వారి సహధర్మచారి. కాయల కాలం వచ్చిందంటే మా ప్రయోగశాల మొత్తం మామిడిపండ్ల వాసన వేసేదన్న మాట ఇక్కడ రాయకపోతే తోటి ఉద్యోగులు నన్ను క్షమించరు.

వారు చేరిన తొలి వేసవిలోనే ఒక సమస్య వారి ముందుకు వచ్చింది. పంట కోతలకు, పెళ్ళిళ్ళకు సొంత ఊళ్ళకు వెళ్ళి తిరిగివచ్చిన కార్మికులు, వచ్చిన మర్నాడే అట్టడుగు మట్టాలకు దిగి, కొద్ది గంటల్లోనే కండరాలు పట్టేసి, కళ్ళు తిరిగి పడిపోయేవారు. కొందరిని పైకి తెచ్చేలోపే పరిస్థితి విషమించేది. సెలవుకు ముందు అదే వేడిలో ఏళ్ళ తరబడి పనిచేసిన బలశాలులే ఇప్పుడిలా ఎందుకు పడిపోతున్నారన్నది ప్రశ్న. శరీరం వేడికి అలవాటు పడినప్పుడు ఉప్పును పొదుపు చేసుకుంటుందనీ, సెలవులో ఆ పొదుపు మరచిపోతుందనీ రామక్క గారు అనుమానించారు. కానీ ఏ మనిషి ఒంట్లో ఆ పొదుపు ఉందో, ఎవరిలో పోయిందో దిగకముందే తెలుసుకోవడం ఎలా? రోజూ సూదితో రక్తం తీస్తామంటే కార్మికులు ఆసుపత్రి వీధిలోకే రారు. అందువల్ల వారు లాలాజలాన్ని ఎంచుకున్నారు.

ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం ఆ శాస్త్రాన్ని నాకు తెలిసినంతలో చెబుతాను. నోటిలోని లాలాజల గ్రంథులు మొదట తయారుచేసే ద్రవంలో ఉప్పు, అంటే సోడియం, రక్తంలో ఉన్నంత దట్టంగా ఉంటుంది. ఆ ద్రవం సన్నని నాళాల గుండా నోటిలోకి వస్తుంది. దారిలో ఆ నాళాల గోడల్లోని కణాలు సోడియం అయాన్లను తిరిగి రక్తంలోకి తీసుకుంటాయి, పొటాషియం అయాన్లను ద్రవంలోకి విడుస్తాయి. నీరు మాత్రం ఆ గోడలను అంత సులభంగా దాటలేదు. అందుకే మన నోటికి చేరే ఉమ్మినీరు చప్పగా ఉంటుంది. మూత్రపిండాల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టెరోన్ అనే హార్మోనును ఎక్కువగా పంపితే నాళాలు సోడియంను మరింత గట్టిగా పట్టుకుంటాయి. స్వేదగ్రంథుల నాళాలూ ఇదే పని చేస్తాయి. వేడికి అలవాటు పడిన శ్రామికుడి ఉమ్మిలో సోడియం తక్కువగా, అలవాటు తప్పినవాడి ఉమ్మిలో అంతకన్నా ఎక్కువగా ఉండాలన్నది వారి ఆలోచన.

ఆలోచన సరైనదే అయినా, ఫలితాలు చాలాకాలం మొండికేశాయి. ఒకే మనిషి ఉమ్మిలో ఉదయం ఒక అంకె, మధ్యాహ్నం దానికి మూడింతలు. సోడియంను కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటరు చెడిపోయిందని నేను, గాజు గొట్టాలు సరిగా కడగలేదని సహాయకులు, ఒకరి మీద ఒకరం నెపం పెట్టుకున్నాం. రామక్క గారు మాత్రం ఒక ఉదయమంతా గని ముఖద్వారం దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, వచ్చేవారిని ఊరికే చూస్తూ ఉండిపోయారు. తిరిగివచ్చి, మాకు కావలసినంత ఉమ్మి తొందరగా ఇవ్వడానికి సగం మంది చింతపండు చప్పరిస్తున్నారని చెప్పారు. ఉమ్మి వేగంగా ఊరినప్పుడు అది నాళాన్ని దాటిపోయే సమయం తక్కువ. అందువల్ల నాళపు కణాలు సోడియంను పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. యంత్రం అబద్ధం చెప్పలేదు, మేమే మనుషులను తొందరపెట్టాం. ఆ నాటి నుంచి నోరు పుక్కిలించి, ప్రశాంతంగా కూర్చున్నాక, తనంతట తాను ఊరిన లాలాజలాన్నే తీసుకోవాలన్న నియమం వచ్చింది. వేలి చెమట తగిలినా సోడియం పెరుగుతుంది గనుక గొట్టం అంచును ఎవరూ ముట్టుకోరాదన్న రెండవ నియమమూ వచ్చింది. ముట్టుకున్నది ఎవరో అంకెను చూసి వారు చెప్పగలరని మాలో ఒక నమ్మకం ఉండేది. అది నిజమో కాదో పరీక్షించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అప్పటి నుంచి అంకెలు వరుసలోకి వచ్చాయి. సెలవు నుంచి వచ్చినవారి నాళాలు మళ్ళీ ఉప్పును పట్టుకోవడం నేర్చుకోవడానికి కొన్ని దినాలు పడుతుందని, ఆ దినాలు వారిని చల్లని పై మట్టాలలో, తక్కువ శ్రమతో ఉంచాలని రామక్క గారు నివేదిక ఇచ్చారు. ఉత్పత్తి తగ్గుతుందన్న అభ్యంతరాన్ని వారు ఓపికగా విన్నారు. ఒక్క షాఫ్టులో, అంటే ఒక్క గని బావిలో, మాత్రం ప్రయత్నించి చూడమని కోరారు. ఏడాది గడిచేసరికి ఆ షాఫ్టులో వేడికి సొమ్మసిల్లి పడిపోయేవారు దాదాపుగా లేకపోయారు, పని కూడా తగ్గలేదు. మరుసటి సంవత్సరం ఆ పద్ధతి అన్ని షాఫ్టులకూ వర్తించింది. శాస్త్రం గెలవడాన్ని అంత దగ్గరగా చూడగలగడం నా భాగ్యంగా భావిస్తాను.

అయితే రామక్క గారి పేరు వినగానే ఈ ఊరి జనం చెప్పుకునేది ఆ నివేదిక గురించి కాదు, చెన్నప్ప గురించి.

బేతమంగళ దగ్గరి పల్లెకు చెందిన చెన్నప్ప లోతు గనిలో రాయిని తొలిచే యంత్రం నడిపేవాడు. 1968 వర్షాకాలం నాటికి అతను పనికి సరిగా రావడం లేదు. వచ్చిన రోజున ఏదో ఒక మూల కూర్చుండిపోయేవాడు. సోమరితనంతో పని ఎగ్గొడుతున్నాడని పై మేస్త్రీ ఫిర్యాదు చేశాడు. విచారణ జరిపి ఉద్యోగం నుంచి తొలగించే ఏర్పాటు కూడా జరిగింది. మనిషి నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. తాగుడు మొదలుపెట్టాడని కొందరు తీర్మానించారు. కొన్నాళ్ళు ఊరికి పోయివచ్చినందువల్ల, నియమం ప్రకారం అతను మా ప్రయోగశాలకు వచ్చి ఉమ్మి ఇచ్చిపోయాడు.

అంకెలు చూసి నేను ఆ నమూనా పారబోయబోయాను. సోడియం అంత ఎక్కువగా, పొటాషియం అంత తక్కువగా మేము ఎన్నడూ చూడలేదు. ఇదెవరో చింతపండు చప్పరించిన ఉమ్మి అని అన్నాను. రామక్క గారు కూడా మొదట అదే అనుకున్నారు. అయినా అతన్ని మరునాడు ఉదయం పిలిపించి, తామే ఎదురుగా కూర్చుని, నోరు కడిగించి, చాలాసేపు విశ్రాంతిగా ఉంచి మళ్ళీ తీయించారు. బొట్టు బొట్టుగా ఊరిన ఆ కొద్దిపాటి ద్రవంలోనూ అవే అంకెలు వచ్చాయి. నాళంలో అంత నిదానంగా సాగిన ద్రవంలోంచి కూడా సోడియం వెనక్కి పోలేదు.

వారు గొట్టాన్ని పక్కన పెట్టి, ఒంట్లో ఎట్లా ఉందని అతన్ని అడిగారు.

"పని అంటే నాకు భయం లేదమ్మా" అన్నాడు చెన్నప్ప. "లేచి నిలబడితే కండ్లు చీకట్లు కమ్ముతాయి. ఈ కాళ్ళు నాయి కావు అనిపిస్తాది. ఆ మాట చెప్తే ఎవురు నమ్ముతారు?"

అతని భార్య తాయమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇంట్లో ఏమి తింటున్నాడని రామక్క గారు ఆమెను అడిగారు. ఏమీ తినడని, తిన్నది కక్కుకుంటాడని చెప్పి, చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టుగా ఆగి, ఆమె ఈ మాట అన్నది: "ఉప్పు మాత్రం తింటాడమ్మా. సంకటిలోకి పులుసు వద్దంటాడు, ఉప్పు ఇయ్యి అంటాడు. ఎవురో చేతబడి చేసినారని మా అత్త అంటా ఉండాది."

రామక్క గారు అతని అరచేతుల గీతలను, చిగుళ్ళను పరిశీలించారు. చర్మమే కాదు, చిగుళ్ళ మీద కూడా నల్లని మచ్చలు ఉన్నాయి. ఎండ నోటి లోపలికి పోదు కదా అని మాతో అన్నారు. ఉప్పును పట్టుకొమ్మని నాళాలకు ఆజ్ఞ ఇవ్వవలసిన ఎడ్రినల్ గ్రంథులే నశించిపోతున్నాయనీ, బహుశా క్షయవ్యాధి వాటిని తినేస్తూ ఉందనీ వారికి అర్థమైంది. ఉమ్మిలో పోతున్నట్టే చెమటలోను, మూత్రంలోను అతని ఉప్పంతా కారిపోతూ ఉంది. అటువంటి మనిషిని మేము లోతు గని వేడిలోకి దింపుతున్నాం.

అదే పూట వారు ప్రధాన వైద్యాధికారి దగ్గరకు వెళ్ళారు. ఆయన అనుభవజ్ఞులు, జాగ్రత్తపరులు. ఉమ్మి ఒక్కదాన్నే నమ్మి అంత పెద్ద వ్యాధిని నిర్ధారించలేమని అన్నారు. ఆ మాట న్యాయమైనదేనని రామక్క గారు ఒప్పుకుని, అందుకే రక్తపరీక్షకు అనుమతి అడగడానికి వచ్చానని చెప్పారు. చెన్నప్ప చెయ్యి చాచాడు. రక్తంలో సోడియం బాగా పడిపోయి, పొటాషియం ప్రమాదకరంగా పెరిగి ఉంది. నాళాలు చెప్పినదే రక్తం కూడా చెప్పింది. ప్రధాన వైద్యాధికారి ఆ కాగితం చదివి, వెంటనే అతన్ని పడకలో చేర్చమని చెప్పి, తామే లేచి వార్డుకు నడిచారు.

పడకలో చేర్చిన సాయంత్రమే చెన్నప్ప స్పృహ తప్పాడు. నాడి అందలేదు, రక్తపోటు పడిపోయింది. ఇంటి దగ్గరో, సొరంగంలోనో ఉండగా ఇది జరిగి ఉంటే అతను దక్కేవాడు కాదు. ఉప్పునీటి సెలైను ఎక్కించారు. ఆ గ్రంథుల హార్మోనే అయిన హైడ్రోకార్టిసోను ఇంజెక్షను కోసం మా కారు బెంగళూరుకు పరుగెత్తింది. అది వచ్చేదాకా ప్రధాన వైద్యాధికారి, రామక్క గారు ఇద్దరూ ఆ మంచం వదలలేదు. మందు ఎక్కిన కొన్ని గంటలకు చెన్నప్ప కళ్ళు తెరిచి, తాయమ్మను చూసి, ఆకలిగా ఉండాది అన్నాడు. నెలల తరబడి వినని ఆ మాట విని తాయమ్మ వార్డు గోడకు ఆనుకుని ఏడ్చింది. నేనూ బయటికి వచ్చి నిలబడ్డాను.

ఆ తరువాత జరిగినది మా ప్రయోగశాల చరిత్రలో అతి సుందరమైన అధ్యాయం. క్షయకు మందులతో పాటు ఎడ్రినల్ హార్మోన్ల మాత్రలు మొదలుపెట్టి, రామక్క గారు ప్రతి ఉదయం అతని లాలాజలం తీయించారు. వారం వారం సోడియం దిగుతూ, పొటాషియం ఎక్కుతూ వచ్చాయి. చాలాకాలం ఆజ్ఞ లేక ఊరకున్న ఆ నాళాలు, ఆజ్ఞ అందిన వెంటనే తమ పనిని మళ్ళీ అందుకున్నాయి. మనిషి ఒంట్లో కంటికి కనిపించనంత సన్నని చోట జరిగే ఆ పనిని మేము కాగితం మీద గీతగా గీసి చూసుకున్నాం. అంకె మామూలు స్థితికి వచ్చిన ఉదయం, మాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని రామక్క గారు వరండాలోకి వచ్చి అందరినీ పేరుపేరునా పిలిచి చూపించారు.

విచారణ మాత్రం రద్దు కాలేదు. అది జరిగిన దినాన, ఎవరూ పిలవకుండానే రామక్క గారు విచారణ గదికి వెళ్ళారు. వ్యాధి వివరాలు చెప్పి, చివరికి ఇట్లా అన్నారని విన్నాం: "ఈయన పని తప్పించుకోలేదు. ఒంట్లో ఉప్పు నిలవని స్థితిలో, మనలో ఎవ్వరమూ ఒక్క పొద్దు నిలబడలేని చోట ఈయన నెలల తరబడి యంత్రం పట్టుకున్నాడు. మీరు రాసుకోవలసింది ఆ మాట." ఫిర్యాదు చేసిన మేస్త్రీయే ముందుగా లేచి, తన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటానన్నాడు. చెన్నప్పకు భూమి మీద, కార్మికులకు దీపాలిచ్చే ల్యాంపు రూములో ఉద్యోగం ఇచ్చారు. అతను పదవీ విరమణ వరకు ఆ పని చేసి, ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసి, నేడు బేతమంగళలో రాగులు పండించుకుంటున్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేటప్పుడు అతను రామక్క గారికి చెప్పిన మాట నాకు గుర్తుంది. "ఇంగ ఈ కాళ్ళు నాయేనమ్మా. గుర్తుపట్టినాను."

1974లో రామక్క గారు ప్రయోగశాల అధిపతి అయ్యారు. ఆ తరువాతి సంవత్సరాలలో లాలాజల నాళాల సోడియం, పొటాషియం రవాణా గురించి వారు రాసిన పరిశోధన వ్యాసాలు విదేశీ పత్రికలలో వెలువడ్డాయి. వారి వద్ద శిక్షణ పొందిన యువ వైద్యులు బొగ్గు గనులలో, ఉక్కు కొలుములలో కార్మికుల ఆరోగ్యాన్ని కాపాడుతున్నారు. పెద్ద నగరాల కళాశాలలు పిలిచినప్పుడు వెళ్ళకపోవడానికి కారణం అడిగినవారికి, నాకు కావలసిన మనుషులు ఇక్కడే ఉన్నారని ఒక్క వాక్యంతో జవాబు చెప్పేవారు. కోపం వారికీ ఉంది. గొట్టం అంచు ముట్టుకున్నవారు దానిని ఎరుగుదురు. కానీ ఆ కోపం మధ్యాహ్న భోజనం వరకు నిలిచిన సందర్భం నాకు తెలియదు.

ఈ మార్చి నెలలో జరిగిన ఒక్క విషయం చెప్పకుండా ఈ వ్యాసాన్ని ముగించలేను. స్త్రీలను భూగర్భంలో పనికి నియమించరాదని చట్టం. అందువల్ల లోతు మట్టాలలోని మనుషుల శరీరాలను ఇన్నేళ్ళు అధ్యయనం చేసిన రామక్క గారు ఒక్కసారి కూడా అక్కడికి దిగలేదు. విరమణకు ముందు, సందర్శకురాలిగా ఒక పూట చూసి రావడానికి గనుల యాజమాన్యం వారికి అనుమతి ఇచ్చింది. చీర కొంగు బిగించి, తలకు హెల్మెట్ పెట్టుకుని వారు మనుషులను గనిలోకి దింపే బోనులోకి అడుగుపెట్టారు. వెంట నేను ఉన్నాను. దిగేకొద్దీ చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, గాలి వేడెక్కింది. అట్టడుగున బోను తలుపు తెరుచుకునేసరికి మా బట్టలు ఒంటికి అంటుకుపోయాయి.

అక్కడి కార్మికులు యంత్రాలు ఆపి నిలబడ్డారు. వారిలో పెద్దవాడైన మునియప్ప ఒక కొయ్య దిమ్మెను తువ్వాలుతో తుడిచి, కూర్చోమన్నాడు.

"ఇన్నేండ్లుగా మా ఉమ్మి నీ దగ్గరికి వచ్చిందమ్మా. నువ్వు ఈ పొద్దు వచ్చినావు" అన్నాడు.

"నన్ను రానీలేదప్పా" అన్నారు రామక్క గారు. "రానిచ్చినాక ఒక్క దినమూ ఆగలేదు."

వారు కూర్చోలేదు. వేడెక్కిన రాతి మీద అరచెయ్యి ఆనించి కొంతసేపు నిలబడ్డారు. తరువాత, సెలవు నుంచి కొత్తగా వచ్చినవారు ఎవరైనా ఈ మట్టంలో ఉన్నారా అని అడిగారు.

"లేరమ్మా. వాళ్ళు పైన చల్లని మట్టంలో ఉండారు" అన్నాడు మునియప్ప. "ఇంగ దొరలు మరిచిపోయినా మేము మరిచిపోము. అట్లా ఎవుడన్నా దిగబోతే మేమే బోను ఎక్కనీము."

ఆ మాట విన్నప్పుడు వారి ముఖంలో కలిగిన వెలుగును నేను చూశాను. నివేదికగా మొదలైన నియమం మనుషుల సొంత అలవాటు అయిపోయింది. దానిని కాపాడటానికి ఇకమీదట ఏ అధికారి సంతకమూ అవసరం లేదు. ఒక వైద్యురాలికి అంతకు మించిన సన్మానం మేము ఈ సభలో ఏర్పాటు చేయలేము.

గౌరవనీయులైన డాక్టర్ రామక్క గారూ, వచ్చే నెల నుంచి మీరు కోలారు వైద్య విద్యార్థులకు శరీరధర్మ శాస్త్రం బోధించబోతున్నారని విని మేమంతా సంతోషించాం. ఆ పిల్లల మీద మాకు కొంత జాలి కూడా కలిగింది. ఇన్నివేల మంది శ్రామికులకు మీరు ఇచ్చిన ఆరోగ్యంలో ఒక్కొక్క పాలు మీకు తిరిగివచ్చి, శ్రీ సొన్నప్ప గారితో కలిసి, నడిచే కాళ్ళు, నవ్వే ముఖం, అలసట ఎరుగని మనసుతో మీరు నూరేళ్ళు సుఖంగా వర్ధిల్లాలని ప్రయోగశాల పక్షాన, ఆసుపత్రి పక్షాన, ఈ పూట క్షేమంగా పైకి వచ్చి ఇంటికి పోతున్న ప్రతి కార్మికుని పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

బి. నంజుండప్ప
ప్రయోగశాల ప్రధాన సహాయకుడు